అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న జబ్బుకు మందు

అనంతపురం వైపు తొలకరి జల్లు పడితే ఎండిన ఎర్రనేల నుంచి కమ్మటి వాసన లేస్తుంది. మీకు తెలిసిందే. ఆ వాసన పుట్టించే వాటిలో ముఖ్యమైనవి మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు. డాక్టర్ చీటీ మీద మీరు చూసే డాక్సీసైక్లిన్ మూలాలూ ఆ కుటుంబంలోనే ఉన్నాయి. ఆ తోవ తెరిచిన పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో పుట్టారాయన. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు తెల్ల ప్రొఫెసర్‌కు కంటగింపైంది. దాంతో ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్‌తోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. కొద్ది రోజుల తేడాలో ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఈ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గి మనిషి చిక్కిశల్యమవుతాడు. తర్వాత అదే జబ్బు ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు.

1922లో భార్య శేషగిరిని ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి చేసిన పని జీవరసాయన శాస్త్రం చదివేవారందరికీ తెలుసు. మనకు కావాల్సిన కథ 1940లో ఆయన లెడర్లీ కంపెనీలో చేరాక మొదలవుతుంది.

అప్పుడు పెన్సిలిన్ మోజు నడుస్తోంది. కానీ అది సూక్ష్మజీవి గోడ కట్టుకోకుండా అడ్డుపడే మందు. టైఫస్ జాతి క్రిములు మన కణాల లోపల దూరి దాక్కుంటాయి. వాటి మీద పెన్సిలిన్ పనిచేయదు. డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌కు సుబ్బారావు బృందంలో చోటు దొరికింది. ఎక్కడెక్కడి మట్టో తెప్పించి పరీక్షించారు. మిస్సోరి విశ్వవిద్యాలయం పొలం మట్టిలో బంగారు రంగు జీవి ఒకటి కనిపించింది. దాని నుంచి తీసిన మందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్లలో మొదటిది. అది కణంలోకి చొరబడి క్రిమి ప్రొటీన్లు తయారుచేసుకోకుండా ఆపేస్తుంది. 1948లో లోకానికి తెలిసింది.

ఈ తేడా మీకెందుకంటే, రాయలసీమలోనూ కనిపించే స్క్రబ్ టైఫస్ జ్వరానికి అమాక్సిసిలిన్ కోర్సు ఎన్ని రోజులు మింగినా ఉపయోగం ఉండదు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల మీదికి వస్తుంది. చేలోనో, పొదల దగ్గరో తిరిగొచ్చిన మనిషికి జ్వరం తగ్గకపోతే చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో చూడండి. అది చిన్న పురుగు కుట్టిన గుర్తు. పొక్కు లేనంత మాత్రాన జబ్బు లేదనుకోకండి. పొలం సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి. సమయానికి వాడితే డాక్సీసైక్లిన్ చాలామందిలో రెండు మూడు రోజుల్లోనే జ్వరం దించుతుంది. అలాగని మందుల షాపులో మీరే అడిగి కొనుక్కోకండి. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే జనం టెట్రాసైక్లిన్ కోసం ఎగబడితే షాపులు ఖాళీ అయిపోయాయి. అవసరం లేనివారు కొన్న మందు అవసరమైనవారికి దక్కదు. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో ఏ మందు ఇవ్వాలన్నది డాక్టరే తేల్చాలి. ఈ మాత్ర వేసుకున్నాక నిండుగా నీళ్లు తాగి, కాసేపు కూర్చోవాలి. వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండ్లు పడతాయి.

సుబ్బారావు బృందమే ఫోలిక్ యాసిడ్‌ను కూడా తయారుచేసింది. ఫైలేరియాకు వాడే హెట్రజాన్ కూడా వారి చలవే. కోస్తా జిల్లాల్లో బోదకాలు నివారణకు పంచిన డీఈసీ మాత్ర అదే.

ఇప్పుడు ఉష్ణమండల స్ప్రూ అని తేలితే డాక్టర్లు ఇచ్చేవి ప్రధానంగా రెండు: ఫోలిక్ యాసిడ్, దానితో పాటు కొన్ని నెలల టెట్రాసైక్లిన్. రెండూ సుబ్బారావు ప్రయోగశాల నుంచి వచ్చిన దారివే. సోదరులు పోయేనాటికి రెండూ లేవు. ఆరియోమైసిన్ వెలుగు చూసిన ఏడాదే, ఆగస్టులో, న్యూయార్క్‌లో నిద్రలోనే సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు.