పద్దుల ఆఫీసరు – రంగుల పరిశోధన

మన సంఘంలో చాలామందిమి పద్దులు రాసి పింఛను పుచ్చుకుంటున్నవాళ్లం. సర్ సి.వి. రామన్ గారు కూడా ఉద్యోగం మొదలుపెట్టింది పద్దుల శాఖలోనే అంటే మా మనవలు నమ్మరు. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

రామన్ గారు 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ గారు విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు కావడంతో తొలి చదువు మన తెలుగునేల మీదే సాగింది. మద్రాసులో ఎం.ఏ. పూర్తిచేసి, 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. మనలాగే ఆయనకూ బదిలీలు తప్పలేదు. రంగూన్, నాగపూర్ వెళ్లి వచ్చారు. కలకత్తాలో పగలు ఆఫీసు, ఉదయం సాయంత్రం ప్రయోగశాల. 1917లో విశ్వవిద్యాలయం ఆచార్య పదవి ఇస్తే, జీతం బాగా తగ్గుతుందని తెలిసీ సర్కారు కొలువు వదిలేశారు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్టు, 1930లో నోబెల్ బహుమతి అందరికీ తెలిసినవే.

అంతగా తెలియనిది ఆయన చివరి దశాబ్దపు కృషి. డెబ్బై దాటాక, బెంగుళూరులో తాను స్థాపించిన సంస్థలో, మనిషి కన్ను రంగును ఎలా గుర్తిస్తుందన్న ప్రశ్న పట్టుకున్నారు. పూలరేకులను, పట్టుబట్టలను చిన్న స్పెక్ట్రోస్కోపుతో పరిశీలించారు. రంగుటద్దం గుండా వెలుగుతున్న తెరను కాసేపు చూసి, అద్దాన్ని చటుక్కున తీసి, ఆ క్షణంలో కంటికి కనిపించినదాన్ని రాసుకునేవారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడింటిని గ్రహించే ఏర్పాటుతోనే కన్ను అన్ని రంగులూ చూస్తుందన్న సిద్ధాంతాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఎనభైకి చేరువలో, 1968లో, దృష్టి మీద గ్రంథమే ప్రచురించారు.

ఈ విషయంలో శాస్త్రలోకం ఆయనతో ఏకీభవించలేదు. అప్పటికే 1964లో అమెరికాలో, మనిషి కంటిలో రంగును పసిగట్టే శంకు కణాలను విడివిడిగా కొలిచి, అవి మూడు రకాలని తేల్చారు. రామన్ గారు 1970 నవంబరు 21న కన్నుమూశారు. మహనీయుల గురించి చెప్పేటప్పుడు ఇలాంటి సంగతి దాచడం నాకు సమ్మతం కాదు. పద్దులో జమతోపాటు ఖర్చూ రాయాలి.

అయినా ఆయన పట్టుకున్న ప్రశ్న చిన్నది కాదు. మన వయసులో కంటి కటకం పసుపుబారి నీలి రంగులు మసకబారతాయి. శుక్లం ఆపరేషన్ అయ్యాక, లాడ్‌బజార్ దుకాణాల్లో నీలం గాజులు ఇంత నీలమా అని నేను నిలబడి చూశాను. రంగులు వెలిసినట్టు తోస్తే సభ్యులు కంటి వైద్యునికి చూపించుకోవాలని మనవి.

కీర్తి అంతా చేతికొచ్చాక కూడా విశ్రాంతి కోరక, కొత్త విద్యార్థిలా మళ్లీ మొదటినుంచి చూడటం మొదలుపెట్టిన ఆ పెద్దాయన పట్టుదల మనకు ఆదర్శం. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు మనవలకు నోబెల్ కథతోపాటు ఈ కథా చెప్పండి.