తూనీగను పంచిపెట్టినవాడు

నూతన యంత్రాన్ని కనిపెట్టినవాడు దానిపై హక్కును కాపాడుకొనడం లోకరీతి. విమానయుగారంభంలో ఇట్టి హక్కులకై న్యాయస్థానాలలో ఏండ్ల తరబడి వ్యాజ్యాలు నడచినవి. ఆ రోజులలోనే తన విమానపు కొలతలన్నిటినీ లోకం ముందు పరచి, కోరినవారెల్లరు కట్టుకొనవచ్చునని విడిచిపెట్టిన ఉదారుడు ఆల్బర్టో శాంటోస్ డ్యూమాంట్.

అతడు 1873 జూలై 20వ తేదీన బ్రెజిల్ దేశంలోని మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో జన్మించినాడు. తండ్రి హెన్రిక్ ఇంజనీరు. పిమ్మట సావో పాలో ప్రాంతంలో విశాలమైన కాఫీ తోటలకు అధిపతి అయినాడు. పంటను మోసుకొనిపోయే రైలింజన్లు, కాఫీ గింజలను సిద్ధపరచే యంత్రాలు, జూల్స్ వెర్న్ నవలలు - ఇవే బాలుని తొలి గురువులు. తండ్రి బండి నుండి పడి ఆరోగ్యం కోల్పోయి 1892లో మరణించినాడు. అంతకు ముందే కుమారునికి ఆస్తిలో భాగమిచ్చి, యంత్రశాస్త్రం నేర్వుమని పారిస్ నగరానికి దారి చూపినాడు.

అక్కడ 1898లో బెలూన్లతో ప్రారంభించి, ఇంజను అమర్చిన వాయునౌకలను ఒకదాని తరువాత ఒకటిగా కట్టించినాడు. 1901 అక్టోబరు 19వ తేదీన ఆరవ నౌకలో సెయింట్ క్లౌడ్ నుండి బయలుదేరి, ఐఫిల్ గోపురాన్ని చుట్టి తిరిగివచ్చి, లక్ష ఫ్రాంకుల బహుమానం గెలుచుకొన్నాడు. ఆ ధనం తన ఇంట చేరలేదు. కొంత తన పనివారికి ముట్టినది; తక్కినది పారిస్ బీదలకు, కుదువబెట్టిన పనిముట్లను విడిపించుకొనుటకు వినియోగపడినది. పనిముట్టు లేని పనివాని దైన్యం అతనికి తెలిసినది.

విమానచోదకునికి ఎట్టి పరికరాలు కావలెనో ఆనాడు ఎవరికీ తెలియదు. అవసరమైనదానిని అతడే ఊహించుకొనవలసి వచ్చినది. రెండు చేతులూ యంత్రంపై ఉండగా జేబులోని గడియారం తీసి చూచుట సాధ్యం కాదు. ఈ ఇబ్బందిని మిత్రుడైన లూయీ కార్టియేతో చెప్పగా, అతడు 1904లో మణికట్టుకు కట్టుకొనే గడియారాన్ని ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చినాడు.

అమెరికాలో రైట్ సోదరులు 1903లోనే ఎగిరినారు. ఐరోపాలో 1906 అక్టోబరు 23వ తేదీన, పారిస్ జనసమూహం చూచుచుండగా శాంటోస్ డ్యూమాంట్ విమానం 60 మీటర్లు సాగినది. నవంబరు 12వ తేదీన 220 మీటర్లు ఎగిరినది. అయినను ఆ విమానం స్థూలమైనది, లొంగనిది. అతని మనస్సు తేలికైనదానిని కోరినది.

1907లో రూపమెత్తి, 1909 నాటికి పరిణతి పొందిన ఆ చిన్న విమానానికి డిమాయిజెల్ అని పేరు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు కన్య అనీ, తూనీగ అనీ అర్థాలు. వెదురు బొంగులు, పట్టుబట్ట, తీగలు, రెండు చక్రాలు - ఇంతే దాని శరీరం. రెక్కల విస్తారం సుమారు 5.5 మీటర్లు, బరువు 150 కిలోలకు లోపే. చోదకుడు రెక్కల క్రింద, నేలకు జానెడు ఎత్తున కూర్చుండేవాడు. ఒక చేత ఎత్తును, మరొక చేత దిక్కును అదుపు చేసేవాడు. మరి రెక్కలు ఒరిగితే సరిదిద్దుటకు మూడవ చేయి ఏది? కోటు వీపున కుట్టించిన సంచిలో ఒక మీటను ఇరికించినాడు. దేహం ఒకవైపు వాలితే తీగలు లాగబడి రెక్కల వంపు మారేది. ఒంటిమీది కోటు కూడ విమానంలో భాగమైనది.

ఈ తూనీగకు అతడు పేటెంటు కోరలేదు. దాని నక్షాలు 1910లో అమెరికాలోని పాపులర్ మెకానిక్స్ పత్రికలో వెలువడినవి. పనితనం గలవాడు తన ఇంటి కొట్టంలోనే విమానం కట్టుకొనే అవకాశం కలిగినది. అనంతరకాలంలో ప్రసిద్ధికెక్కిన రోలాండ్ గారోస్ విమానవిద్య నేర్చినది తూనీగపైననే.

ఆ సంవత్సరారంభంలోనే ఒక తీగ తెగి శాంటోస్ డ్యూమాంట్ నేలకూలినాడు. ప్రాణం దక్కినది కాని ఆరోగ్యం దెబ్బతిన్నది. అతడు ఆకాశానికి స్వస్తి చెప్పినాడు. 1914లో యుద్ధం రాగా, దూరదర్శినితో ఆకాశం చూచే ఈ పరదేశిని ఇరుగుపొరుగువారు గూఢచారి అని శంకించినారు. ఆ అవమానానికి తాళలేక తన కాగితాలు తగులబెట్టినాడు. విమానాలు బాంబులు మోయుట అతనిని దహించినది. 1926లో యుద్ధాలలో వాటిని నిషేధింపుమని నానాజాతి సమితిని వేడుకొన్నాడు. ఆ మొర ఫలించలేదు. 1928లో అతడు స్వదేశానికి ఓడలో వచ్చుచుండగా స్వాగతం పలుకబోయిన విమానం కూలి అందులోనివారందరు మరణించినారు. ఆ విమానానికి పెట్టిన పేరు అతనిదే.

1932లో సావో పాలోలో అంతర్యుద్ధం చెలరేగినది. బ్రెజిల్ విమానాలే బ్రెజిల్ ప్రజలపై బాంబులు కురిసినవి. జూలై 23వ తేదీన, యాబది తొమ్మిదవ పుట్టినరోజు గడచిన మూడవనాడు, గ్వారుజా సముద్రతీరంలో అతడు తన జీవితాన్ని తానే ముగించుకొన్నాడు.

లోకానికి అతడు ఇచ్చిన విద్య రెండు దారులు త్రొక్కినది. ఒకటి అతని గుండెను పగులగొట్టినది. రెండవది నేటికీ పలు దేశాలలో ఇంటి కొట్టాలలో సాగుచున్నది. నక్షా ముందుంచుకొని, సెలవుదినాలలో రెక్కలు బిగించి, తమకు కావలసిన కొలతపరికరాలను తామే అమర్చుకొనే సామాన్యులు ఆ దారిన నడచువారే. వారిలో ఎందరికి అతని పేరు తెలిసినను తెలియకున్నను, వెదురు తూనీగ వారికి పెద్దక్క.