పై గాలిని చదివిన మాస్టారు – శిశిర్ కుమార్ మిత్రా

అమ్మకో నాన్నకో బదిలీ అయితే మనం పుస్తకాలు సర్దుకుని కొత్త ఊరికి వెళ్తాం కదా! నూరేళ్ళకు పైగా వెనక ఒక బెంగాలీ పిల్లవాడు కూడా అలాగే వెళ్ళాడు. అతడే శిశిర్ కుమార్ మిత్రా.

ఆయన 1890లో పుట్టారు. వారి సొంత ఊరు హుగ్లీ జిల్లాలోని కొన్నగర్. తండ్రి బడిపంతులు. తల్లి శరత్ కుమారి వైద్యం చదివి, బీహార్‌లోని భాగల్పూర్ ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరారు. కుటుంబమంతా అక్కడికి మారింది. తర్వాత తండ్రి జబ్బుపడి చనిపోయారు. అన్ని కష్టాల్లోనూ తల్లి కొడుకు చదువు మాన్పించలేదు. అతణ్ణి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి పంపారు. అక్కడ జగదీశ్ చంద్ర బోసు పరిశోధనలు చూసి శిశిర్ మనసు భౌతికశాస్త్రం మీద నిలిచింది.

కొన్నాళ్ళు కాలేజీల్లో పాఠాలు చెప్పి, 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ సి.వి.రామన్ దగ్గర కాంతి మీద పరిశోధన చేశారు. 1920లో పారిస్ వెళ్ళి 1923లో మరో డాక్టరేటు పొందారు. కొంతకాలం మేరీ క్యూరీ ప్రయోగశాలలోనూ పనిచేశారు. ఫ్రాన్సులోనే ఆయనకు రేడియో మీద ఆసక్తి కలిగింది. తిరిగి వచ్చాక ఎం.ఎస్సీ. విద్యార్థులకు రేడియో పాఠాలు మొదలుపెట్టారు.

కొండ ఎక్కితే చలి పెరుగుతుందని మనకు తెలుసు. మరి వంద కిలోమీటర్లు దాటి వెళ్తే? అక్కడ పైకి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది! సూర్యుడి అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు అక్కడి గాలి కణాల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఆ ప్రాంతమే అయనోస్ఫియర్. సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత కొన్ని వందల డిగ్రీల నుంచి వెయ్యి డిగ్రీలు దాటేదాకా మారుతూ ఉంటుంది. మధ్యాహ్నం దాటాక ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. సుమారు 11 ఏళ్ళకోసారి సూర్యుడి మీద మచ్చలు పెరిగే కాలంలో ఇంకా ఎక్కువ. అయినా అక్కడి గాలి ఎంతో పలచన కాబట్టి ఆ వేడి మన చేతికి తగలదు.

ఆ రోజుల్లో ఉపగ్రహాలు లేవు. అంత ఎత్తుకు వెళ్ళి చూసినవారూ లేరు. మిత్రాగారికి రేడియో తరంగాలే నిచ్చెన అయ్యాయి. పైకి వెళ్ళిన తరంగం తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఆ పొర ఎత్తు తెలుస్తుంది. 1930లో ఆయన బృందం అయనోస్ఫియర్‌లోని ‘ఇ’ పొరకు మన దేశంలో ప్రయోగపూర్వకంగా రుజువు చూపింది. రేడియో ప్రతిధ్వనులు, ఉల్కలు, రాత్రి ఆకాశపు సన్నని వెలుగు – ఇలా దొరికిన ప్రతి ఆధారాన్నీ కలిపి, పై గాలి గురించి 1947లో ఆయన ఒక పెద్ద గ్రంథం తెచ్చారు. దాన్ని కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అచ్చువేసింది. ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు దాన్ని చదివారు. రష్యన్ భాషలోకి కూడా అనువదించారు. పదేళ్ళ తర్వాత, 1957లో, తొలి ఉపగ్రహం సరిగ్గా ఆ గాలిలోకే ఎగిరింది.

1958లో ఆయన లండన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1962లో పద్మభూషణ్ అందుకున్నారు. 1963 ఆగస్టు 13న కన్నుమూశారు. చంద్రుడి మీద ఒక బిలానికి ఆయన పేరే పెట్టారు.

ఊళ్ళు మారినా మన తల మీది ఆకాశం మారదు. ఈసారి కొత్త ఊరికి వెళ్ళినప్పుడు ఒకసారి పైకి చూడండి. శిశిర్‌ను, అతణ్ణి చదివించిన ఆ తల్లిని తలుచుకోండి.