మధురవాణిని మనకిచ్చిన గురజాడ



వార్షికోత్సవం రాగానే మనం నాటిక వేస్తాం. అందులో ఆడవేషం అంటే ఒక అబ్బాయికి చీర కట్టి అందరినీ నవ్వించడమే. లేదంటే ఏడ్చే తల్లి, ఏడ్చే చెల్లి. ఆడపాత్ర ఎలా ఉండాలో నూరేళ్ల క్రితమే చూపించిన మహాకవి గురజాడ అప్పారావు గారు.

ఆయన 1862 సెప్టెంబరు 21న విశాఖ జిల్లా రాయవరంలో జన్మించారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వెంకట రామదాసు. చీపురుపల్లిలో చదువు మొదలైంది. తండ్రి పోయాక విజయనగరం చేరారు. అక్కడ మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు భోజనం, వసతి ఉచితంగా ఇచ్చి ఆదుకున్నారు. అంటే ఆయన కూడా మనలాగే ఇంటికి దూరంగా ఉండి చదువుకున్నవారే. 1884లో నెలకు 25 రూపాయల జీతంతో ఉపాధ్యాయుడయ్యారు. 1886లో బి.ఏ. పూర్తిచేసి, తర్వాత అదే కళాశాలలో అధ్యాపకులయ్యారు.

ఆ రోజుల్లో డబ్బు తీసుకుని పసిపిల్లలను ముసలివాళ్లకు కట్టబెట్టేవారు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి గారు లెక్క తీయిస్తే, విశాఖ జిల్లాలో మూడేళ్లలో ఇలాంటి పెళ్లిళ్లు 1034 తేలాయి. వారిలో ఐదేళ్ల పిల్లలే 99 మంది. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు! ఈ బాధలోంచే ‘కన్యాశుల్కం’ పుట్టింది. 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది.

గురజాడ అక్కడితో ఆగలేదు. 1909లో నాటకాన్ని బాగా పెంచి తిరగరాశారు. మొదటి కూర్పులో చిన్న పాత్ర అయిన మధురవాణి ఇందులో నాటకానికి ప్రాణమైంది. ఆమె వేశ్య. అయినా రచయిత ఆమెను తిట్టలేదు, జాలిపడి ఊరుకోనూ లేదు. ఆమెకు తెలివి, మాట నేర్పు, సొంత నీతి ఇచ్చారు. గిరీశం బండారం బయటపెట్టేది, పెద్దమనిషి సౌజన్యారావు పంతులు చేత కూడా తన పట్టుదల గురించి ఆలోచింపజేసేది ఆమే. అమాయకపు వితంతువు బుచ్చమ్మ, చీపురు పట్టుకొచ్చే పూటకూళ్లమ్మ, ఎవరి మాట వారిదే, ఎవరి యాస వారిదే. బుచ్చమ్మ కథ కూడా కన్నీళ్లతో ముగియదు. ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపిస్తారు.

ఆ నాటకంలోనూ ఒక కుర్రవాడు ఆడవేషం వేస్తాడు. కరటకశాస్త్రి శిష్యుడు పెళ్లికూతురై ముసలి లుబ్ధావధాన్లు పక్కన కూర్చుంటాడు. మనం నవ్వుతాం. కానీ ఆ వేషం సుబ్బి అనే చిన్నపిల్లను ఆ పెళ్లి నుంచి తప్పించడానికి!

1910లో వచ్చిన ‘దిద్దుబాటు’ కథలో చదువుకున్న భార్య కమలిని, దారితప్పిన భర్తను ఏడవకుండా, యుక్తితో దారికి తెస్తుంది. 1915 నవంబరు 30న, 53 ఏళ్ల వయసులో గురజాడ కన్నుమూశారు. 1955లో ‘కన్యాశుల్కం’ సినిమాగా వచ్చినప్పుడు మధురవాణిగా సావిత్రి నటించారు.

మిత్రులారా! సెలవులకు ఇంటికెళ్లి, పెళ్లి చేశారని తిరిగి రాని చెల్లెళ్లు మనకు ఈనాటికీ ఉన్నారు. ఈసారి నాటిక రాసేవారు ఆ చెల్లికి ఒక్క మాటైనా ఇవ్వండి. ఏడవడానికి కాదు, ఎదురు అడగడానికి. గురజాడకు మనం ఇచ్చే నివాళి అదే.