మా నైనా కాలూ, లిస్టర్ గారి కథా

ఈసారి గోడపత్రికకి ఒక మహనీయుల జీవితం రాయమని మేడమ్ చెప్పగానే, క్లాసులో అందరూ కందుకూరి, గురజాడ, దుర్గాబాయమ్మ పేర్లు తీసేసుకున్నారు. నా వంతు వచ్చేసరికి నేను జోసెఫ్ లిస్టర్ అన్నాను. ఆయన తెలుగువారు కాదు, రచయితా కాదు. ఇంగ్లండులో పుట్టి వందేళ్ళ కిందటే కన్నుమూసిన సర్జన్. మేడమ్ ఒక్క క్షణం నావైపు చూసి, ఎందుకో కూడా రాయమన్నారు. అందుకని ముందు ఆ సంగతే చెప్తాను.

పోయిన ఆడి నెలలో ఒకరోజు తెల్లవారుజామున, పాల ప్యాకెట్లు వేసి బండి మీద ఇంటికొస్తున్న మా నైనాని నీళ్ళ లారీ గుద్దింది. ఎడమ కాలు మోకాలి కింద విరిగి, ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. అవ్వ వెంటనే పుత్తూరు తీసుకుపోదామంది. మా తాత చెయ్యి విరిగినప్పుడు పుత్తూరు కట్టే కట్టించారు, బాగానే అతుక్కుంది. అందుకే మా ఇంట్లో అందరికీ ఆ కట్టు మీద నమ్మకం. కానీ ఆస్పత్రిలో డాక్టరు ఒక మాట చెప్పారు. చర్మం కింద విరిగిన ఎముక వేరట, చర్మం చినిగి మట్టి తగిలిన ఎముక వేరట. అతకడం తర్వాతి మాట, ముందు చీము పట్టకుండా చూడాలన్నారు. ఎముకలో చీము పడితే ఏళ్ళ తరబడి పోదని, ఒక్కోసారి కాలే తీసేయాల్సి వస్తుందని కూడా చెప్పారు. అమ్మ ఆ మాట విని వరండాలోనే కూలబడిపోయింది.

ఆ రోజే ఆపరేషన్ థియేటర్లో గాయాన్ని సెలైన్‌తో బాగా కడిగి, చచ్చిన కండ తీసేసి, ఎముకలోకి పిన్నులు దించి, బయట రాడ్లు బిగించారు. నైనా దగ్గర కూర్చున్న రాత్రుల్లో ఈ చర్మం సంగతి మొదట ఎవరికి తట్టిందా అని ఆలోచన వచ్చింది. లైబ్రరీలో వెతికితే లిస్టర్ గారు దొరికారు.

లిస్టర్ 1827 ఏప్రిల్ 5న లండన్ దగ్గర అప్టన్‌లో పుట్టారు. వాళ్ళది క్వేకర్ కుటుంబం, ఆడంబరం ఎరగని మనుషులు. తండ్రి ద్రాక్షసారా వ్యాపారి. కానీ ఆయన మనసంతా అద్దాల మీదే. మైక్రోస్కోపులో బొమ్మ చుట్టూ రంగులు కమ్మకుండా కటకాలు ఎలా అమర్చాలో కనిపెట్టి పేరు తెచ్చుకున్నారు. కాబట్టి కంటికి కనిపించనివి కూడా ఉంటాయన్న సంగతి కొడుక్కి చిన్నప్పుడే అలవాటైపోయింది. మనం అమ్మల దగ్గర వంట నేర్చుకున్నట్టు ఆయన తండ్రి దగ్గర మైక్రోస్కోపు నేర్చుకున్నారు.

చదువుకునే రోజుల్లో మశూచి సోకింది, ఆ తర్వాత మనసు కుంగిపోయి కొంతకాలం చదువే మానేశారు. మళ్ళీ కోలుకుని 1852లో వైద్యం పూర్తిచేశారు. మరుసటి ఏడాది, ఒక నెల ఉండి వద్దామని ఎడింబరో వెళ్ళారు. అక్కడ జేమ్స్ సైమ్ అనే పెద్ద సర్జన్ దగ్గర పని నేర్చుకుంటూ ఏడేళ్ళు ఉండిపోయారు. 1856లో సైమ్ గారి కూతురు ఆగ్నెస్‌ని పెళ్ళి చేసుకున్నారు. ఆమె క్వేకర్ కాదు కాబట్టి ఆయన తన సమాజాన్ని వదులుకోవాల్సి వచ్చింది. కొత్త జంట యూరపు తిరగడానికి బయల్దేరి, ఊరూరా ఆస్పత్రులు చూసుకుంటూ గడిపారట!

ఆ రోజుల్లో ఆపరేషన్ అంటే ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. 1846లో మత్తుమందు వచ్చింది, కోతకి నొప్పి లేకుండా పోయింది. చావు మాత్రం పోలేదు. సర్జన్లు నెత్తురు ఎండి అట్టలు కట్టిన కోటు వేసుకుని, ఒక రోగిని కోసిన కత్తితోనే ఇంకొకరిని కోసేవాళ్ళు. గాయంలో చీము పడితే మానుతోందని సంతోషించేవాళ్ళు కూడా ఉన్నారు. వార్డుల్లో కుళ్ళు వాసన వస్తే అది చెడుగాలి అనుకునేవాళ్ళు. వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు 1847లోనే చేతులు కడుక్కోమని మొత్తుకున్నారు, ఎవరూ వినలేదు.

1860లో లిస్టర్ గ్లాస్గోలో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడి పెద్దాస్పత్రిలో ఆయన చేతికింద కొత్త భవనమే ఉండేది, అయినా మనుషులు పోతూనే ఉన్నారు. ఆయన్ని అన్నిటికన్నా కలవరపెట్టింది కాళ్ళు విరిగినవాళ్ళ సంగతి. చర్మం చినగకపోతే, లోపల ఎముక ముక్కలైనా సరే, కట్టు కట్టి పడుకోబెడితే అతుక్కునేది. అదే ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే కొన్నాళ్ళకి కుళ్ళేది, జ్వరం వచ్చేది, మనిషి పోయేవాడు. అందుకే అలాంటి కేసు రాగానే చాలామంది సర్జన్లు కాలు తీసేసేవాళ్ళు. విరిగింది రెండింటిలోనూ ఎముకే, తేడా అంతా చర్మంలోనే. అంటే చావు లోపల పుట్టడం లేదు, బయటినుంచి వస్తోంది. మా డాక్టరు వరండాలో నిలబడి చెప్పిన మాట ఇదే కదా!

బయటినుంచి వచ్చేది ఏమిటో ఫ్రాన్సులో పాశ్చర్ అప్పటికే చూపించారు. ద్రాక్షరసం పులవడానికీ పదార్థాలు కుళ్ళడానికీ గాలిలోని సూక్ష్మజీవులే కారణమని ఆయన నిరూపించిన సంగతి లిస్టర్‌కి అక్కడి కెమిస్ట్రీ ప్రొఫెసర్ చెప్పారు. పాశ్చర్ వేడి పెట్టి ఆ జీవుల్ని చంపారు. మనిషి కాలిని ఉడకబెట్టలేం కదా. కార్లైల్ అనే ఊళ్ళో మురుగునీటి కంపు పోవడానికి తారునుంచి తీసిన కార్బాలిక్ ఆమ్లం వాడుతున్నారని లిస్టర్ విన్నారు. మురుగు కుళ్ళకుండా ఆపేది గాయాన్ని ఆపదా అనుకున్నారు. మన ఇళ్ళల్లో బాత్రూములు కడిగే ఫినాయిల్ పేరు కూడా ఆ ఫినాల్ నుంచి వచ్చిందే.

1865 మార్చిలో చేసిన మొదటి ప్రయత్నం ఫలించలేదు. ఆగస్టు 12న జేమ్స్ గ్రీన్లీస్ అనే పదకొండేళ్ళ పిల్లవాడిని తెచ్చారు. బండి చక్రం ఎడమ కాలి మీదుగా పోయింది, ఎముక విరిగి చర్మం చినిగింది. లిస్టర్ గుడ్డని కార్బాలిక్ ఆమ్లంలో తడిపి గాయం మీద వేసి, బద్దలు పెట్టి కట్టారు. నాలుగు రోజులు కట్టు విప్పలేదు. విప్పిన రోజు చీము లేదు, కుళ్ళు వాసనా లేదు. మందు ఘాటుకి చర్మం కాస్త కందింది, అంతే. తర్వాత మందుని పలచన చేసి వేశారు. ఆరు వారాలకి పిల్లవాడు రెండు కాళ్ళ మీదే ఇంటికి పోయాడు. ఇది చదివిన రాత్రి నేను నైనా పక్కనే ఉన్నాను. ఆ పిల్లవాడి తల్లి ఆ నాలుగు రోజులు ఎలా గడిపి ఉంటుందా అనుకున్నాను.

రెండో రోగిది ఇంకో కథ. గుర్రం తన్నితే కాలు విరిగిన కూలి అతను. మొదట్లో బాగానే మానుతూ వచ్చింది. లిస్టర్ కొన్ని వారాలు ఊళ్ళో లేని సమయంలో గాయానికి కుళ్ళు పట్టింది. ఆయన తిరిగొచ్చి ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. 1867లో తన పద్ధతి గురించి లాన్సెట్ పత్రికలో రాసినప్పుడు లిస్టర్ దీన్ని దాచలేదు. మొత్తం పదకొండు మందిలో ఒకరు చనిపోయారని, ఒకరి కాలు పోయిందని, తొమ్మిది మంది బాగుపడ్డారని ఉన్నదున్నట్టు రాశారు. అంతకుముందు ఆయన కాళ్ళూ చేతులూ తీసేసిన 35 మందిలో 16 మంది చనిపోయారు. 1867 నుంచి 1869 వరకు 40 మందిలో చనిపోయినవాళ్ళు 6 మందే.

అయినా అందరూ ఒప్పుకోలేదు. ముఖ్యంగా లండన్ సర్జన్లు నవ్వారు. 1877లో ఆయన లండన్ వచ్చి, ఆ అక్టోబరులోనే ఒకతని విరిగిన మోకాలి చిప్పని చర్మం కోసి వెండితీగతో కుట్టారు. చర్మం బాగున్న కీలుని కావాలని తెరవడమంటే అప్పట్లో చావుని పిలవడమే. రోగి పోతే లిస్టర్ మీద కేసు పెట్టాలన్నవాళ్ళు కూడా ఉన్నారట. రోగి పోలేదు, మోకాలు వంగింది. ఇవాళ ప్లేట్లు, స్క్రూలు, రాడ్లు వేసి ఎముకలు అతికించగలుగుతున్నారంటే, లోపలికి వెళ్ళినా చీము పట్టకుండా చూసుకోవచ్చన్న ఆ ధైర్యమే కారణం.

ఆయనలో నాకు బాగా నచ్చింది, తన తప్పు తనే ఒప్పుకోవడం. గాలిలోని క్రిములు చావాలని 1871 నుంచి ఆపరేషన్ గదిలో కార్బాలిక్ తుంపర చల్లించేవారు. డాక్టర్లకి దగ్గు, చేతులకి మంట. అసలు ప్రమాదం గాలికన్నా చేతుల్లో, పనిముట్లలో ఉందని తెలిశాక, దాన్ని మానేశారు. దాన్ని సిఫారసు చేసినందుకు సిగ్గుపడుతున్నానని 1890లో నలుగురిలో చెప్పారు.

నచ్చనిదీ ఒకటుంది. ఆడపిల్లల కాలేజీ గోడ మీద రాస్తూ దాన్ని వదిలేస్తే తప్పవుతుంది. ఆయన ఎడింబరోలో ప్రొఫెసర్‌గా ఉన్న రోజుల్లోనే సోఫియా జెక్స్-బ్లేక్, ఆమె తోటివాళ్ళు వైద్యం చదవనివ్వమని అక్కడ పోరాడారు. లిస్టర్ వాళ్ళ పక్షాన లేరు, స్త్రీలు డాక్టర్లు కావడం ఆయనకి ఇష్టం లేదు. కానీ ఇంట్లో ఆయన ప్రయోగాలకి సాయం చేసింది, పేజీలకి పేజీలు నోట్సు రాసిపెట్టింది ఆగ్నెసే. కప్ప కాళ్ళ మీద ప్రయోగాలప్పుడు కూడా ఆమె పక్కనే ఉండేది. ఆ చేతిరాత ఆయన పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. ఇక్కడ మనం గర్వంగా చెప్పుకోవాల్సిన మాట, 1875లో మన మద్రాసు మెడికల్ కాలేజీ మేరీ షార్లీబ్‌తో సహా నలుగురు ఆడవాళ్ళని చేర్చుకుంది.

1893లో ఆగ్నెస్ పోయాక ఆయన సగమైపోయారు. పిల్లలు లేరు. 1897లో ప్రభువుల సభలో స్థానం వచ్చింది, ఇంకా ఎన్నో గౌరవాలు వచ్చాయి. 1912 ఫిబ్రవరి 10న కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ప్రార్థనలు జరిగాయి గానీ, ఆయన కోరిక ప్రకారం ఆగ్నెస్ పక్కనే ఖననం చేశారు.

ఇక మా ఇంటి సంగతి. పిన్నుల చుట్టూ రోజూ శుభ్రం చేయడం నా పని. ముందు సబ్బుతో చేతులు, తర్వాత సెలైన్ దూది, ఒక్కో పిన్నుకి ఒక్కో దూది. ఒకరోజు ఇంటర్నల్ పరీక్ష ఉందని ఒకే దూదితో గబగబా కానిచ్చేశాను. మూడు రోజులకి ఒక పిన్ను దగ్గర ఎర్రబడి నీరు కారింది. దానికి అదే కారణమో కాదో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. మందులతో తగ్గింది గానీ, ఆ వారమంతా నాకు ఆ గుర్రం తన్నిన కూలి అతనే గుర్తొచ్చాడు. నైనాకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఈ కాగితం గోడకెక్కాక ఇంటికెళ్ళి చెప్పాలి.

చదివినవాళ్ళకి ఒక్క మాట. మీ ఇంట్లో ఎవరికైనా ఎముక బయటికొచ్చేలా దెబ్బ తగిలితే పసుపు, కాఫీ పొడి అద్దకండి, ఎముకని లోపలికి నెట్టకండి. శుభ్రమైన గుడ్డ కప్పి, కాలు కదలకుండా చూసి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. వచ్చే నెల ఎక్స్‌రేలో ఎముక అతికినట్టు కనిపిస్తే నైనాకి పిన్నులు తీసేస్తారు. అప్పటిదాకా సాయంత్రం బస్సుకి నేను కొంచెం తొందరగా బయల్దేరితే ఏమీ అనుకోకండి. ఇంటికెళ్ళి చేతులు కడుక్కోవాలి.