నాలుగో బట్టీ

బుకర్ టి. వాషింగ్టన్ 1856లో అమెరికాలోని వర్జీనియాలో బానిసగా పుట్టారు. విడుదల పొందాక కష్టపడి చదువుకుని, 1881లో అలబామాలోని టస్కీగీలో నల్లజాతి యువత కోసం పాఠశాల ప్రారంభించారు. ప్రతి ఉదయం బైబిలు చదవడం ఆయన నియమం.

భవనాల కోసం విద్యార్థులతో ఇటుకలు చేయిస్తే మూడుసార్లు బట్టీ పాడైపోయింది. చేతిలో డబ్బు లేదు. తన గడియారాన్ని 15 డాలర్లకు తాకట్టు పెట్టి నాలుగోసారి పేర్పించారు. ఈసారి ఇటుకలు చక్కగా కాలాయి. గడియారం మాత్రం తిరిగి రాలేదు. ఆ ఇటుకలు కొనడానికి తెల్లవారు కూడా వచ్చారు.

1899లో విద్యార్థులు చేసిన ఇటుకలతోనే ఆయన ఇల్లు 'ది ఓక్స్' కట్టారు. 1915లో ఆయన టస్కీగీలో కన్నుమూశారు. ఆ ఇల్లు నేటికీ నిలిచి ఉంది.

మన సంఘంలో మూడోసారి విఫలమై ఆగిపోయిన మంచి పని ఏదైనా ఉందా? నాలుగోసారికి మనం ఏమి ఇవ్వగలం?