కుర్చీలోంచే కత్తి పట్టిన మేరీ వర్గీస్

చిత్తూరు వైపు వాళ్లకు పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరే దిక్కు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లొచ్చిన కుటుంబాలు రాయలసీమలో లెక్కలేనన్ని. అయినా అక్కడ పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ పేరు మనలో చాలామందికి తెలియదు.

ఆమె 1925లో కేరళలో పుట్టారు. వేలూరులోనే వైద్యం చదివి, గైనకాలజిస్టు కావాలనుకున్నారు. 1954 జనవరిలో తోటి డాక్టర్లతో విహారానికి వెళ్తుంటే వాహనం బోల్తా పడింది. ముఖానికి లోతైన గాయమైంది. వెన్నుపాము దెబ్బతిని, నడుము కింద కదలిక, స్పర్శ రెండూ పోయాయి. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

మిషన్ ఆసుపత్రిలో అలాంటి మనిషికి ఒక మంచం, బోలెడంత దయ ఎలాగూ దొరికేవి. సర్జన్ పాల్ బ్రాండ్ మాత్రం ఆమెకు పని చూపించారు. కుష్ఠు వల్ల వంకర తిరిగిన వేళ్లను ఆపరేషన్ చేసి మళ్లీ ఆడేలా చేయడం ఆయన ప్రత్యేకత. చేతి ఆపరేషన్ కూర్చునే చేయవచ్చు. అంతే, అంత మామూలు విషయం! మేరీ చక్రాల కుర్చీలో థియేటర్‌లోకి వచ్చారు.

ఊరు వెలివేసిన ఆ రోగుల కష్టం ఆమెకు పరాయిది కాదు. చెయ్యి కాలినా తెలియక వేళ్లు పోగొట్టుకునేవారు వాళ్లు. ఒత్తిడి పుండ్లు పడకుండా, స్పర్శ లేని తన ఒంటిని తానే కనిపెట్టుకోవాల్సిన డాక్టరు ఆమె.

తర్వాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో స్వయంగా పునరావాస చికిత్స పొందారు. న్యూయార్క్‌లో అదే శాస్త్రం చదువుకున్నారు. తిరిగొచ్చి వేలూరులో ఆ విభాగాన్ని నడిపించారు. 1966లో అక్కడ రోగులు ఉండి చికిత్స పొందే పునరావాస కేంద్రం మొదలైంది.

నా దృష్టిలో ఆమె చేసిన అసలు పని ఇదే. పక్షవాత రోగి లేచి నడిచిన కథ సువార్తల్లో ఉంది. మిషన్ ఆసుపత్రులకు స్ఫూర్తినిచ్చిన కథల్లో అదొకటి. మరి ఎప్పటికీ లేవని వాళ్ల సంగతి? మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారాలి, మూత్రం సంగతి ఎలా చూసుకోవాలి, గడపలున్న ఇంట్లో ఎలా మసలాలి, ఏ పని చేసి బతకాలి? ఆమె విభాగం పట్టించుకున్నవి ఇవీ. (మెట్లు మాత్రమే ఉన్న చర్చిలు ఈనాటికీ తక్కువేం కాదు.)

1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 1986లో కన్నుమూశారు. వేలూరు శివారు బాగాయంలో ఆ కేంద్రానికి వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.